గొంతునొప్పికీ ఓ చరిత్ర ఉంది

పిల్లవాడికి ముక్కు కారడం మొదలైన మూడోరోజుకల్లా మన ఇళ్ళల్లో ఒక మాట వినిపిస్తుంది. "యాంటీబయాటిక్ రాయలేదుటే! ఏం డాక్టరమ్మా!" అని. పైకి అనేది సాధారణంగా అత్తగారు. మనసులో అనుకునేది తల్లి. ఆఫీసు నుంచి వస్తూ వస్తూ మందుల షాపులో తనే అడిగి తెచ్చేసేది నాన్నగారు. ఫీజు తీసుకుని, గొంతులో టార్చిలైటు వేసి చూసి, "గోరువెచ్చటి నీళ్ళు తాగించండి, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని పంపించే డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళేవాళ్ళు తక్కువ. వెనకటికి సూది వెయ్యనివాడు డాక్టరే కాదనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ సూది స్థానంలోకి, కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా పోసి గిలక్కొట్టే పొడిమందు సీసా వచ్చింది. అంతే తేడా.

ఈ నమ్మకం మనకి ఎక్కణ్ణించి వచ్చిందా అని పుస్తకాలు తిరగేస్తే తమాషా విషయాలు బయటపడ్డాయి. నిజానికి ఇది ఉత్తి మూఢనమ్మకమేమీ కాదు. భయంలోంచి పుట్టింది. ఆ భయానికి కారణం ఉంది.

ఒకప్పుడు గొంతు పట్టిందంటే ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కంఠసర్పి వస్తే గొంతులో బూడిదరంగు పొర అల్లుకుని పిల్లలు ఊపిరాడక పోయేవారు. ఒకే ఇంట్లో వారం తిరక్కుండా ఇద్దరూ ముగ్గురూ పోయిన రోజులున్నాయి. పిల్లల సంగతి అలా ఉంచండి, అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టనంతటివాడు 1799 డిసెంబరులో గొంతు వాచి రెండు రోజుల్లో కన్నుమూశాడు. అప్పటి వైద్యం ప్రకారం ఆయన ఒంట్లోంచి డాక్టర్లు తీసేసిన రక్తం చూస్తే, జబ్బు చంపిందో వైద్యం చంపిందో తేల్చడం కష్టం. కంఠసర్పికి విరుగుడు సీరం 1890లో బేరింగ్ కనిపెట్టాడు, తర్వాత టీకా వచ్చింది. ఇవాళ మన పిల్లలకి వేయించే టీకాల్లో అదొకటి. కానీ గొంతు పట్టడమంటే ప్రాణం మీదకొచ్చినట్టే అన్న భయం మాత్రం తరాలు దాటి మన దాకా వచ్చింది.

ఇక మందు కథ. అది కూడా గొంతునొప్పితోనే ప్రఖ్యాతికెక్కింది!

1936 చలికాలంలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గారి అబ్బాయి, చిన్న ఫ్రాంక్లిన్, హార్వర్డులో చదువుకుంటూ జబ్బుపడ్డాడు. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి గొంతులో చేరింది. బోస్టన్ ఆసుపత్రిలో తల్లి ఎలినార్ మంచం పక్కనే కూచుంది. రక్తంలోకి పాకితే ఇక ఆశ లేదని డాక్టర్లకి తెలుసు. అప్పుడు డాక్టర్ టోబీ అనే ఆయన జర్మనీ నుంచి కొత్తగా వచ్చిన ప్రాంటోసిల్ అనే మందు ఇచ్చాడు. కుర్రాడు లేచి కూచున్నాడు. పేపర్లన్నీ పెద్దక్షరాల్లో వేశాయి. సల్ఫా మందు అనే మాట అమెరికాలో ప్రతి ఇల్లాలికీ ఆ వారంలోనే తెలిసింది.

ఈ ప్రాంటోసిల్ అసలు ఒక ఎర్రరంగు. బట్టలకి వేసే రంగుల్లో మందులు వెతుకుతున్న గెర్హార్డ్ డోమాక్‌కి 1932లో దొరికింది. ఆయన కూతురు చిన్నపిల్ల, చేతికి కుట్టుసూది గుచ్చుకుని చీము పట్టింది. చెయ్యి తీసేయాలన్నారు. తండ్రి తన మందే వేశాడు, చెయ్యి దక్కింది. ఇంతా చేసి 1939లో ఆయనకి నోబెల్ బహుమతి ప్రకటిస్తే పుచ్చుకోకూడదని హిట్లర్ ప్రభుత్వం అడ్డుపడింది. యుద్ధం అయ్యాక 1947లో పతకం చేతికొచ్చింది గాని, గడువు దాటిపోయిందని డబ్బు ఇవ్వలేదుట. ఆ ఇంటి ఇల్లాలు ఏమనుకుందో చరిత్రకారులు రాయలేదు.

రూజ్‌వెల్ట్ గారి అబ్బాయి బాగుపడ్డాడని విన్నాక, దేశమంతా తల్లులు అదే మందు కావాలన్నారు. మాత్ర మింగలేని పిల్లలకోసం 1937లో ఒక కంపెనీ దాన్ని తియ్యటి పానకంలా చేసి, రాస్‌బెర్రీ వాసన కలిపి, 240 గ్యాలన్లు అమ్మకానికి పంపింది. మందు పొడి నీళ్ళల్లో కరగదు కాబట్టి డైఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో కరిగించారు. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు. విషమేమో అని మాత్రం ఎవరూ చూడలేదు. 105 మంది చనిపోయారు. అందులో 34 మంది పిల్లలు. చాలామంది గొంతునొప్పికి తాగినవాళ్ళే. ఆరేళ్ళ కూతుర్ని పోగొట్టుకున్న ఒక తల్లి సాక్షాత్తూ రూజ్‌వెల్ట్‌కే ఉత్తరం రాసింది, ఈ మందు అమ్మకుండా ఆపండి, ఇంకో తల్లికి ఈ కష్టం రానీయకండి అని. వింతేమిటంటే ఆ కంపెనీ మీద పెట్టడానికి అప్పటి చట్టంలో సరైన కేసే లేదు. "ఎలిక్సిర్" అని పేరు పెట్టి అందులో సారాయి కలపలేదన్నదొక్కటే నేరం! మరుసటేడు, 1938లో, మందు సురక్షితమని నిరూపించాకే అమ్మాలని కొత్త చట్టం చేశారు. ఆ విషం సంగతి తేల్చిన పరిశోధకుల్లో ఫ్రాన్సెస్ అనే విద్యార్థిని ఉంది. పెళ్ళయ్యాక ఫ్రాన్సెస్ కెల్సీ అయిన ఆవిడే 1960 తర్వాత థాలిడోమైడ్ మందుకి అమెరికాలో అనుమతి ఇవ్వకుండా మొండిగా కూచుని వేలాది పసిబిడ్డల్ని కాపాడింది.

అది ఎప్పటి మాటో కదా అనుకోకండి. అదే గ్లైకాల్ కలిసిన దగ్గుమందు తాగి 2022లో గాంబియాలో, 2025లో మన మధ్యప్రదేశ్ చింద్వారాలో పసిపిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. వాళ్ళకి వచ్చిన జబ్బేమిటి? మామూలు జలుబు, దగ్గు. దేనికి మందు వెయ్యకపోయినా ఫరవాలేదో దానికే.

సరే, పెనిసిలిన్. ఫ్లెమింగ్ 1928లో బూజు చూశాడన్న కథ మనందరికీ స్కూల్లో చెప్పారు. ఆ బూజుని మందుగా మార్చింది మాత్రం పన్నెండేళ్ళ తర్వాత ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ. ఇంకో ఆరుగురి పేరు మన పాఠాల్లో ఉండదు. బూజు పెంచడానికి వారానికి రెండు పౌన్ల జీతం మీద పెట్టుకున్న ఆరుగురు ఆడపిల్లలు. యుద్ధకాలం, సామాన్లు దొరకవు. రోగుల మంచం కింద పెట్టే బెడ్‌పాన్ల ఆకారంలో కుండలు చేయించి, వాటిల్లో పచ్చడి జాడీలు చూసుకున్నట్టు రోజూ బూజు చూసుకునేవాళ్ళు. స్నానాలతొట్టి కూడా ప్రయోగశాలకి తరలిపోయింది.

1941 ఫిబ్రవరిలో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసు కానిస్టేబులుకి మొదట ఈ మందు ఎక్కించారు. ఒళ్ళంతా చీము పట్టినవాడు లేచి అన్నం అడిగే స్థితికి వచ్చాడు. మందు అయిపోయింది. ఆయన మూత్రంలోంచి మందు తిరిగి తీసి మళ్ళీ ఎక్కించారు. అదీ చాలలేదు. మార్చిలో పోయాడు. ఆ తర్వాత ఫ్లోరీ బృందం ఎక్కువగా పిల్లల్ని ఎంచుకుంది. ఎందుకంటారా? చిన్న ఒళ్ళు కాబట్టి కొంచెం మందుతో సరిపోతుందని! చుక్క చుక్కా లెక్కపెట్టుకుని, ప్రాణం పోయే పిల్లలకి మాత్రమే ఇచ్చిన మందు అది. ఇవాళ మన ఫ్రిజ్ తలుపులో, సగం వాడిన సీసాలో, కిందటిసారి పెద్దదానికి రాసింది ఈసారి చిన్నదానికి పనికొస్తుందని దాచిపెట్టుకున్నది దాని పిల్లే.

1945 డిసెంబరులో నోబెల్ పుచ్చుకుంటూ ఫ్లెమింగ్ చేసిన ప్రసంగంలో ఒక చిన్న కథ ఉంది. ఒక పెద్దమనిషికి గొంతునొప్పి వస్తుంది. తనే పెనిసిలిన్ కొనుక్కుని వేసుకుంటాడు. సూక్ష్మజీవులు చచ్చేటంత కాదు, మందుని తట్టుకోవడం నేర్చుకునేటంత మాత్రమే. ఆ ఆరితేరిన సూక్ష్మజీవులు ఆయన భార్యకి అంటుకుంటాయి. ఆవిడకి న్యుమోనియా వస్తుంది, పెనిసిలిన్ పనిచెయ్యదు, చనిపోతుంది. ఆవిడ చావుకి కారణం ఎవరు, అని సభని అడిగాడాయన. మందు కనిపెట్టినవాడే, బహుమతి అందుకున్న సందర్భంలోనే, గొంతునొప్పినే ఉదాహరణగా తీసుకుని చెప్పాడు. పెళ్ళాం పోవడంతో ముగిసే కథ అయినా మగవాళ్ళు శ్రద్ధగా విన్నట్టు లేదు.

ఇక్కడ మన తెలుగాయన ప్రసక్తి రాకుండా ఎలా ఉంటుంది? భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకి పెద్దగా ఉన్నప్పుడే, డెబ్భై దాటిన డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మిస్సూరీ నుంచి వచ్చిన పొలం మట్టిలో ఒక సూక్ష్మజీవిని పట్టాడు. బంగారురంగు మందు, ఆరియోమైసిన్. పెనిసిలిన్‌కి లొంగని జబ్బులెన్నో దానికి లొంగాయి. 1948 వేసవిలో లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు వెళ్ళిపోయారు. ఆ జాతి మందుల్నే టెట్రాసైక్లిన్లు అంటారు. వాటిని జలుబుకీ దగ్గుకీ కూడా ధారాళంగా పిల్లలకి పోశారు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఇస్తే ఎదుగుతున్న పళ్ళల్లో చేరి శాశ్వతంగా పసుపురంగు పట్టిస్తాయని తర్వాత తెలిసింది. నా ఈడు వాళ్ళల్లో నోటికి చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వే ఆడవాళ్ళు కొందరున్నారు, చూశారా? సిగ్గు అనుకుంటాం. కొందరి విషయంలో అది సిగ్గు కాదు, చిన్నప్పటి సీసా మందు.

మరి జలుబు సంగతి ఎవరూ పట్టించుకోలేదా అంటే, పట్టించుకున్నారు. ఇంగ్లండులో సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు కోసమే ఒక పరిశోధనాకేంద్రం పెట్టారు. పది రోజులు ఉచితంగా భోజనం, బస, పైగా చేతిఖర్చుకి రోజుకి మూడు షిల్లింగులు. చెయ్యాల్సిన పనల్లా ముక్కులో జలుబు చుక్కలు వేయించుకోవడం! మిగతావాళ్ళకి 30 అడుగుల దూరంలో ఉంటే చాలు. చదువుకునే పిల్లలేమిటి, కొత్తగా పెళ్ళయినవాళ్ళేమిటి, 1990లో మూసేసేదాకా సుమారు 20,000 మంది వెళ్ళారు. అక్కడ ఒక ప్రయోగం చేశారు, అది మనవాళ్ళందరూ వినాలి. కొందరిని వేడినీళ్ళ స్నానం చేయించి, తడిబట్టలతో గాలి కొట్టే వసారాలో అరగంట నిలబెట్టి, ఆ తర్వాత తడి మేజోళ్ళతో తిరగమన్నారు. వణికారు గాని, అంతమాత్రాన జలుబు రాలేదు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకోలేదని నన్ను మా అమ్మ తిట్టిన తిట్లన్నీ వృథా అన్నమాట.

జలుబు తెచ్చేవి వైరస్‌లని, అవి ఒకటి కాదు రెండు కాదు, రైనోవైరస్ ఒక్కదానిలోనే నూటికి పైగా రకాలున్నాయని క్రమంగా తేలింది. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చెయ్యడం అందుకే. ఒకదాన్ని ఒళ్ళు గుర్తుపట్టేసరికి ఇంకొకటి బడి నుంచి వస్తుంది. బడిపిల్లవాడి ముక్కులోంచి తీసిన ఒక వింత వైరస్‌ని 1960ల్లో అక్కడివాళ్ళు జూన్ అల్మేడా అనే ఆవిడకి పంపారు. బస్సు డ్రైవరు కూతురు. పదహారో ఏట చదువు ఆపేసి ల్యాబ్‌లో పనికి చేరిన మనిషి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గుండ్రంగా, చుట్టూ కిరీటంలా కనిపించింది. ఆవిడ అంతకుముందు అలాంటి ఫొటోలే పంపితే, ఫ్లూ వైరస్‌ని సరిగ్గా తియ్యలేదని పెద్దమనుషులు తిప్పిపంపారుట. దానికే కరోనా అని పేరు పెట్టారు. 2020 తర్వాత ఆ పేరు తెలియని ఇల్లు లేదు.

వైరస్‌ల మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఇందులో మినహాయింపు లేదు. చీమిడి పచ్చగా మారింది కాబట్టి ఇవ్వాలన్నదీ నిజం కాదు. జలుబుతో పోట్లాడుతున్న తెల్లకణాల్లోని పదార్థం వల్ల ఆ రంగు వస్తుంది. నాలుగోరోజుకి పచ్చబడటం చాలా జలుబుల్లో మామూలే. దగ్గు రెండు మూడు వారాలు లాగడమూ మామూలే.

అయితే ఎప్పుడూ వద్దా? ఆ మాట నేననను. మా పెద్దత్తయ్య కూతురు నాకు కళ్ళముందే ఉంది. తొమ్మిదో ఏట గొంతునొప్పి వచ్చింది, తగ్గింది, అందరూ మరిచిపోయారు. మూడు వారాలకి మోకాలు వాచింది, తర్వాత మోచెయ్యి. కీళ్ళ జ్వరమన్నారు. పోతూ పోతూ గుండె కవాటాన్ని పాడుచేసి పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు ఇరవై ఒక్క రోజులకోసారి 12 లక్షల యూనిట్ల పెనిడ్యూర్ ఇంజక్షను. పెళ్ళి సంబంధాలు వచ్చినప్పుడు ఆ సంగతి ముందే చెప్పాలా వద్దా అని ఇంట్లో జరిగిన వాదాలు నేను విన్నాను. చెప్పమని పట్టుబట్టింది తనే. ఇద్దరు బిడ్డల్ని కన్నది, రెండు కాన్పులకీ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టుకుని కూచున్నారు.

స్ట్రెప్టోకాకస్ గొంతులో చేరితే దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారుచేసుకున్న ఆయుధాలే పొరపాటున గుండె మీదకి తిరుగుతాయి. 1949 నుంచి అమెరికాలో వయోమింగ్ సైనిక స్థావరంలో ఒక పరీక్ష చేశారు. ఈ గొంతునొప్పి వచ్చిన సుమారు 800 మందికి పెనిసిలిన్ ఇచ్చారు, మరో 800 మందికి ఇవ్వలేదు. మందు లేనివారిలో 17 మందికి కీళ్ళజ్వరం వచ్చింది, మందు పుచ్చుకున్నవారిలో ఇద్దరికే. కాబట్టి గొంతునొప్పుల్లో ఇదొక్కటి ముదరనివ్వకూడనిది. పిల్లల గొంతునొప్పుల్లో ఇలాంటిది నాలుగింట ఒకటి, అటూ ఇటూగా. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలకి ఎక్కువ. ఉన్నట్టుండి జ్వరం, మింగలేనంత నొప్పి, మెడకింద నొక్కితే నొప్పిచేసే బిళ్ళలు, టాన్సిల్స్ మీద తెల్లటి చీము ఉండి, ముక్కు కారడం, దగ్గు లేకపోతే అనుమానించాలి. దగ్గూ పడిశమూ ఉన్నాయంటే చాలావరకు వైరస్సే. గొంతులోంచి దూదితో తీసి పరీక్ష చేయిస్తే తెలిసిపోతుంది. తొందర కూడా లేదు. జబ్బు మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెనిసిలిన్ మొదలుపెట్టినా గుండె దక్కుతుంది.

తొందర లేదన్న ఈ ఒక్క మాట మీదే 1990ల్లో ఇంగ్లండులో పాల్ లిటిల్ అనే డాక్టరు 716 మందితో పరీక్ష నడిపాడు. కొందరికి వెంటనే మందు, కొందరికి అసలు వద్దని, కొందరికి మూడు రోజులు చూసి తగ్గకపోతే అప్పుడు వచ్చి తీసుకోండని. మూడోరోజుకి మూడు గుంపులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఆగమన్నవాళ్ళల్లో మూడింట రెండొంతుల మంది మందు జోలికే పోలేదు. నాకు బాగా నచ్చిందేమిటంటే, మందు పుచ్చుకున్నవాళ్ళల్లో 87 శాతం మంది ఈ మందు పనిచేస్తుందని నమ్మారు. పుచ్చుకోనివాళ్ళల్లో 55 శాతమే. జబ్బు ఎలాగూ తగ్గేదే, ఆ పేరు మాత్రం మందు కొట్టేసింది. మన నమ్మకం ఇలా ఇంటింటా తయారైనదే. హాలండు డాక్టర్లయితే చెవిపోటుకి కూడా రెండుమూడు రోజులు నొప్పిమందు ఇచ్చి చూస్తారు. ఐస్‌లాండులో 1988 దాకా కనిపించని పెనిసిలిన్‌కి లొంగని న్యుమోనియా క్రిములు, అయిదేళ్ళు తిరిగేసరికి ప్రతి అయిదింటిలో ఒకటయ్యాయి. పిల్లలకి ఈ మందులు తగ్గించండని దేశమంతా ప్రచారం చేసుకున్నారు. మరుసటేటి నుంచే ఆ లెక్క దిగింది.

మన దగ్గర ఏమైందంటే, 2014 మార్చి నుంచి హెచ్-1 అనే జాబితా అమల్లోకి వచ్చింది. అందులోని యాంటీబయాటిక్కులు చీటీ లేకుండా అమ్మకూడదు, షాపువాడు విడిగా పుస్తకంలో రాసుకోవాలి. పుస్తకం ఉంటోందో లేదో మీ వీధి చివర షాపులో మీరే చూడండి. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల నీళ్ళు శుద్ధిచేసి వదిలే చోట 2007లో స్వీడన్ పరిశోధకులు లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని లెక్కకట్టారు. రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ! మింగనివాళ్ళకి కూడా మందు అందుతోందన్నమాట.

ఇక తల్లి చూసుకోవలసిందల్లా ఊపిరి. పాపువా న్యూగినీ కొండల్లో, ఎక్స్‌రేలు లేని చోట, ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు న్యుమోనియాని ఎలా పట్టాలా అని చూసి 1984లో రాసింది తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్కకి పునాది అయింది. పిల్ల నిద్రపోతున్నప్పుడో, ఏడవకుండా ఉన్నప్పుడో, గడియారం చూస్తూ నిండా ఒక్క నిమిషం పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకి 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40, లేదా ఆపైన ఉందంటే, డొక్కలు ఎగరేస్తోందంటే, పాలు తాగడం మానేసిందంటే, ఆ రాత్రే ఆసుపత్రికి. అక్కడ యాంటీబయాటిక్ ఇస్తే వద్దనకండి. దాని అసలు పని అదే.

తక్కిన రాత్రులకి, పడుకునే ముందు ఒక చెంచా తేనె చాలు. 2007లో అమెరికాలో 105 మంది పిల్లల మీద చూస్తే ఏమీ ఇవ్వకపోవడం కంటే తేనె ఇచ్చినప్పుడే రాత్రి దగ్గు ఎక్కువ తగ్గింది, పిల్లలూ తల్లులూ మెరుగ్గా నిద్రపోయారు. ఏడాది నిండని బిడ్డకి మాత్రం తేనె నాకించకండి, అత్తగారు ఎంత చెప్పినా సరే.